గుమ్మం ముందు పసుపు లేసులు

శాంతిరాజు వాటా ముందు శనివారం శనివారం చెప్పుల జతలు ఎక్కువవుతున్నాయని పై వాటా రాజ్యశ్రీ చెప్పిందట. చెప్పింది తన స్నేహితురాలు ఉదయశ్రీకి. ఉదయశ్రీ ఆ మాటని ఒక పూటైనా కడుపులో ఉంచుకోలేక, "నీ మేలు కోరి చెబుతున్నా వదినా, నేను చెప్పానని మాత్రం అనకు" అంటూ ఫోన్లో శాంతిరాజు భార్య ఏసుకుమారి చెవిన వేసింది. ఆ గుమ్మం ముందు మామూలుగా ఉండేవి మూడు జతలట. శాంతిరాజువి మడమలరిగిన నల్లబూట్లు, ఏసుకుమారివి వానబూట్లు, పిల్ల మిరియంవి గులాబీరంగువి. పోయిన శనివారం పదకొండింటికి చూస్తే ఐదు జతలున్నాయట. ఒక జత చిన్నపిల్లవి. ఇంకో జత మాత్రం పడవలంతేసి ఉన్నాయట, వాటికి పసుపు లేసులట.

"అవి ఎవరివో నాకు తెలుసు అని కూడా అంది వదినా. ఎవరివమ్మా అంటే మాత్రం నవ్వి ఊరుకుంది."

ఏసుకుమారి ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చింది. శాంతిరాజు సోఫాలో కూర్చుని ఉగాది కార్యక్రమాల పట్టిక రాసుకుంటున్నాడు.

"రాసుకోండి, బాగా రాసుకోండి. మీ గూఢచారితనం హాంబర్గంతా తెలిసిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"మీ బూట్లు చెప్పాయి."

సంగతంతా విన్నాక శాంతిరాజు లేచి తలుపు తీసి గుమ్మం ముందు చూశాడు. మూడు జతలే ఉన్నాయి. అయినా దొంగసొమ్ము కనిపించినవాడిలా గబుక్కున తలుపు వేసేశాడు. అన్నీ ఆలోచించాడు. ఫోను గురించి ఆలోచించాడు, బస్సు గురించి ఆలోచించాడు, కిటికీ తెరల గురించి ఆలోచించాడు. బూట్ల గురించి ఆలోచించలేదు.

ఈ బూట్ల గొడవ అర్థం కావాలంటే ముందు ఫ్లెక్సీ గొడవ తెలియాలి.

రెండేళ్ళ కిందటి దాకా ఉత్తర జర్మనీ తెలుగు సమితి ఒకటే. నూట పది కుటుంబాలు. ఓడరేవులో సరుకు దించే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, విమానం రెక్కలకి బొమ్మలు గీసేవాళ్ళు, చదువుకని వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవడానికిచ్చే బ్లూకార్డు చేతికొచ్చాక పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళూ, శనివారం గోవింద కొట్టేవాళ్ళూ ఒకే హాల్లో ఒకే గిన్నెలోంచి పులిహోర వడ్డించుకునేవాళ్ళు. సమితికి ప్రెసిడెంటు వెంకటరామారావు, తెనాలి మనిషి. విమానాల కంపెనీలో పెద్ద ఉద్యోగం, దానికి తగ్గ గొంతు. వైస్ ప్రెసిడెంటు శ్రీచరణ్, హైదరాబాదు కుర్రాడు. సెక్రటరీ మన శాంతిరాజు, పాలకొల్లు పక్క ఊరివాడు, ఓడరేవు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం. వద్దు అనడం చేతకాని మనిషి గనక మినిట్స్ పుస్తకం అతని చేతికొచ్చింది.

ఆ ఏడు ఉగాదికి ఫ్లెక్సీ తెనాలిలో వేయించి సూట్‌కేసులో తెచ్చారు. పదడుగుల ఫ్లెక్సీ. దాని మీద ప్రెసిడెంటు గారి ఫోటో అన్నం తినే కంచమంత. శ్రీచరణ్ ఫోటో ఆవకాయ సీసా మూతంత. పైగా మామిడితోరణం బొమ్మ సరిగ్గా అతని కుడికన్ను మీద పడింది. శ్రీచరణ్ ఆ ఒంటికన్ను ఫోటో కింద నిలబడి పచ్చడి తిన్నాడు, గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా నలభై కుటుంబాలతో 'నిజమైన ఉత్తర జర్మనీ తెలుగు సమితి' పెట్టాడు. పేరులో ఆ 'నిజమైన' ఎందుకో అర్థం కాక రిజిస్ట్రేషను గుమాస్తా మూడు ఉత్తరాలు రాశాడు. బయటివాళ్ళు విని ప్రాంతాల గొడవేమో అనుకున్నారు, కులమేమో అనుకున్నారు, దేవుళ్ళ దగ్గర తేడా వచ్చిందేమో అనుకున్నారు. అంత పెద్ద విషయాలకి విడిపోయే తీరిక మనవాళ్ళకి ఎక్కడ? ఫోటోకి విడిపోయారు.

వెంటనే వెంకటరామారావు కార్యవర్గాన్ని కూర్చోబెట్టి ఏడో తీర్మానం చేయించాడు. 'అవతలి వర్గంతో సభ్యులెవరూ ఏ విధమైన సంప్రదింపులూ జరపరాదు. జరిపినవారు పదవికీ సభ్యత్వానికీ అనర్హులు.' దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది శాంతిరాజే.

పెద్దవాళ్ళు బాగానే విడిపోయారు. అసలు దెబ్బ కోలాటానికి తగిలింది. సమితి పిల్లలు ఎనిమిదిమంది, లోపలి వరసలో నలుగురు, బయటి వరసలో నలుగురు. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నారు. చీలిక వచ్చేసరికి ఎవరు ఏ లెక్కన చీల్చారో కానీ, లోపలి వరస మొత్తం ఇటు ఉండిపోయింది, బయటి వరస మొత్తం అటు పోయింది. ఇటు నలుగురూ బయటికి తిరిగి గాలిని కొట్టాలి. అటు నలుగురూ లోపలికి తిరిగి గాలిని కొట్టాలి.

మిరియంకి తొమ్మిదేళ్ళు. లోపలి వరస. దాని కర్రకి ఎదురుకర్ర శ్రీచరణ్ కూతురు ఆండాళ్‌ది. చీలిక తర్వాత మిరియం ఇంట్లో తలుపు చెక్కకి ఎదురుగా నిలబడి ఆడుకునేది. టక్, టక్, తిరుగు, టక్. తలుపు చెక్క తిరగదు గనక రెండో చరణం దగ్గర ఆగిపోయేది. ఒకరోజు కర్ర దించి జర్మన్‌లో అడిగింది.

"పాపా, ఆండాళ్ మనకి శత్రువా?"

  ఆ సాయంత్రం శాంతిరాజు స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని శ్రీచరణ్‌కి మెసేజ్ కొట్టాడు.

"తమ్ముడూ, ఎవరికీ తెలీకుండా ఒకసారి మాట్లాడుకుందామా? పిల్లల గురించి."

అవతలినుంచి అర నిమిషంలో వచ్చింది. "అన్నా, నేను నీకు టైప్ చేస్తనే ఉన్న. మా పిల్ల ఫ్రిజ్ డోర్‌ను కొడ్తుంది."

అలా మొదలయ్యాయి రహస్య సంప్రదింపులు. శనివారం పదకొండింటికి, శాంతిరాజు ఇంట్లో. జాగ్రత్తలు మామూలువి కావు. శ్రీచరణ్ ఫోన్లో శాంతిరాజు పేరు 'ప్లంబర్'. శాంతిరాజు ఫోన్లో శ్రీచరణ్ పేరు 'పళ్ళ డాక్టర్ టెర్మిన్', అంటే అపాయింట్‌మెంటు. శ్రీచరణ్ రెండు స్టాపులు ముందే దిగి, టోపీ కళ్ళదాకా లాక్కుని, కూతురితో వానలో నడిచి వచ్చేవాడు. కోలాటం కర్రలు కనిపిస్తే అనుమానం వస్తుందని వాటిని ఆండాళ్ ఫిడేలు పెట్టెలో దాచేవాడు. మెట్ల మీద ఊపిరి కూడా బిగబట్టి ఎక్కేవాడు. ఎక్కి, తలుపు ముందు వంగి, బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన బుద్ధిగా సర్ది, అప్పుడు లోపలికి వచ్చేవాడు.

బూట్లతో ఇంట్లోకి అడుగుపెట్టే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. పోలీసులు తరుముతున్నా గుమ్మం దగ్గర ఆగి విప్పే వస్తాడు. అందులోనూ ఆ బూట్లు మామూలువా? ఆ బూట్లతోనే శ్రీచరణ్ హాంబర్గ్ మారథాన్ పరిగెత్తాడు. ముందునుంచీ పక్కనుంచీ ఫోటోలు తీయించుకుని, చీలిక రాకముందు ఏడాది పొడుగునా సమితి గ్రూపులో పెట్టాడు. అతని మొహం మర్చిపోయినవాళ్ళున్నారేమో గానీ ఆ పసుపు లేసులు ఎరగని తెలుగువాడు ఎల్బె నదికి అటూ ఇటూ లేడు.

ఇల్లు మూడు వాటాలది. కింద ఇంటి ఓనరమ్మ ఫ్రావ్ లోరెన్సెన్, మధ్యలో శాంతిరాజు, పైన రాజ్యశ్రీ, ఆమె మొగుడు విక్రాంత్. విక్రాంత్ సమితికి జాయింటు సెక్రటరీ. ఆ 'జాయింటు' అన్న ముక్క అతనికి చొక్కాలో పడ్డ వెంట్రుకలా గుచ్చుతూ ఉంటుంది.

ఫ్రావ్ లోరెన్సెన్‌కి ఎనభై ఆరు. మిరియంకి ఆమె 'ఓమా', అంటే మామ్మ. చెత్త నాలుగు రంగుల డబ్బాల్లో వేరువేరుగా వెయ్యకపోతే తలుపు కొట్టి, తప్పు వేసిన పెరుగు డబ్బా చేతికిచ్చి పోయే మనిషి. మూడో శనివారం ఆమె తలుపు కొట్టేసరికి శాంతిరాజుకి ముచ్చెమటలు పట్టాయి. టకటక చప్పుడు గురించి అనుకున్నాడు. ఆమె లోపలికొచ్చి, సోఫా చివర కూర్చుని, ఇద్దరు పిల్లల కోలాటం చివరిదాకా చూసింది.

"బాగుంది. చప్పుడెందుకో తెలిసింది. మరి తెరలెందుకు వేసుకున్నారు?"

శాంతిరాజు తన జర్మన్‌లో ఉన్న నాలుగు వాక్యాలనీ కూడగట్టి చెప్పాడు. మేం ఇటు. ఈయన అటు. మాట్లాడకూడదు. మాట్లాడుతున్నాం. పిల్లల కోసం.

ఆమె శ్రీచరణ్ వైపు కిందనుంచి పైదాకా చూసి, "మా నాన్న కూడా ఇదే పని చేశాడు" అంది. "ఇంకొంచెం పెద్ద గొడవలో."

ఏసుకుమారి కాఫీ తెచ్చింది. ఫ్రావ్ లోరెన్సెన్ గ్లాసు దగ్గరికి తీసుకుని, తాగకుండా, చెప్పింది.

వాళ్ళ నాన్న యోహానెస్ ఓడల కంపెనీలో గుమాస్తా. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా కలప వ్యాపారం కాగితాలు పట్టుకుని, ఎవరి పక్షమూ పట్టని స్టాక్‌హోమ్ వెళ్ళి వచ్చేవాడు. అక్కడ ఒక కాఫీ హోటల్లో నాలుగుసార్లు ఒక ఇంగ్లీషువాణ్ణి కలిశాడు. ఆ మనిషి ఇంగ్లీషు గూఢచారి శాఖవాడని ఇద్దరికీ తెలుసు. ఇక్కడ కొందరం ఉన్నాం, మా నాయకుణ్ణి దించేద్దామనుకుంటున్నాం, దించితే మీరు బాంబులు ఆపుతారా అని యోహానెస్ అడిగాడు. ఇంగ్లీషువాడు "పైకి తెలియజేస్తాను" అన్నాడు. రెండో భేటీకీ మూడో భేటీకీ మధ్య వాళ్ళ విమానాలు వచ్చి సగం హాంబర్గుని తగలబెట్టి పోయాయి.

"అయినా మళ్ళీ వెళ్ళారాండీ?" అన్నాడు శాంతిరాజు, తెలుగులోనే. మిరియం దాన్ని జర్మన్ చేసింది.

"ఇంకెవరి దగ్గరికి వెళ్తాడు? ఆపమని అడగవలసింది కాల్చేవాణ్ణే కదా."

వెళ్ళినప్పుడల్లా ఒక పొట్లం అసలు కాఫీ గింజలు తెచ్చేవాడు. ఊళ్ళో అందరూ బార్లీ మాడ్చి తాగే రోజులు. అమ్మ తలుపులూ కిటికీలూ మూసి కాచేది. వాసన మాత్రం తలుపు సందులోంచి మెట్ల మీదికి పోయింది. పై వాటాలో ఉన్నావిడ వీధిలో ఆ నాయకుడి పార్టీమనిషికి చీటీ రాసిచ్చింది. నవంబరులో వచ్చి నాన్నని తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.

"ఆవిడ ఏమైందండీ?"

"ఏమవుతుంది? పైనే ఉంది. యుద్ధం అయ్యాక ఇరవై రెండేళ్ళు అమ్మా ఆవిడా మెట్ల మీద గూటెన్ టాగ్ చెప్పుకున్నారు. బళ్ళో నన్ను ద్రోహి కూతురనేవాళ్ళు. ఇప్పుడు వీధి చివర మా నాన్నకి రాతిఫలకం పెడతారట. కమిటీ మూడుసార్లు కూర్చుంది. 'శత్రువులతో రహస్యంగా మాట్లాడాడు' అని రాయమన్నాను. అది చదివితే ఇబ్బందిగా ఉంటుందట. 'విదేశీ భాగస్వాములతో సంభాషణ కోరిన పౌరుడు' అని రాస్తారట. మొన్న ఇంగ్లీషువాళ్ళ ఫైలు నకలు వచ్చింది, ఎనభై ఏళ్ళకి. మా నాన్న గురించి మూడు ముక్కలు. నిజాయితీపరుడు. కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకుంటాడు. చర్య అవసరం లేదు."

శ్రీచరణ్ తన గ్లాసులో మూడో చెంచా చక్కెర వెయ్యబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

ఆమె లేచి తలుపు తీసి, గుమ్మం ముందు బూట్లు చూసింది. పసుపు లేసుల్ని తన చేతికర్రతో తట్టింది. "ఇవి లోపల పెట్టండి. మెట్ల మీద ఏదీ ఉండకూడదు. వాసన కూడా."

శాంతిరాజు దాన్ని హౌస్‌ఓర్డ్నుంగ్ అనుకున్నాడు. ఈ దేశంలో ప్రతి ఇంటికీ ఒక నిబంధనల కాగితం ఉంటుంది, అందులో చెప్పుల గురించి ఒక ముక్క ఉండనే ఉంటుంది. ఆ పూటకి బూట్లు లోపల పెట్టించాడు. పైవారం శ్రీచరణ్ వంగాడు, విప్పాడు, బయటే సర్దాడు. ఎవరికీ తట్టలేదు.

ఇంతలో రాతిఫలకం సంగతి స్థానిక పేపర్లో వచ్చింది. వెంకటరామారావు దాన్ని ఫోనుతో తర్జుమా చేసుకుని చదివి శాంతిరాజుకి ఫోను చేశాడు.

"ఏవయ్యా శాంతిరాజూ, ఇంట్లో వీరుడి కూతుర్ని పెట్టుకుని నాకు చెప్పవేంటయ్యా? మన ఉగాదికి ముఖ్య అతిథి ఆవిడే. సన్మానం చేసేద్దాం."

"ఆవిడకి ఇలాంటివి ఇష్టం ఉండవండి. శాలువా అదీ..."

"శాలువా ఇష్టం లేని మనిషి ఉంటాడటయ్యా? అవతలోళ్ళు పేపరు చూడక ముందే మనం కప్పెయ్యాలి. వాళ్ళ ఉగాది పైవారమే. ఇంతకీ వాళ్ళ నాన్న గూఢచారా, స్వాతంత్ర్య సమరయోధుడా?"

"ఓడల కంపెనీ గుమాస్తా అండి."

"గుమాస్తా అని ఫ్లెక్సీ మీద వేస్తే ఏం శోభగా ఉంటుందయ్యా! సమరయోధుడనే వేయిస్తా. ఆవిడ్ని ఒప్పించే పూచీ నీది."

ఆ మాటతోనే శాంతిరాజు బుర్రలో దీపం వెలిగింది. ముఖ్య అతిథి వెంట ఎవరొచ్చినా గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. అటు నలుగురు పిల్లలూ ఫ్రావ్ లోరెన్సెన్ వెంట ఆమె మనుషులుగా వస్తారు. పక్కగదిలో కూర్చుంటారు. కోలాటం అనగానే ఎనిమిదిమందీ ఎక్కుతారు. పాట నాలుగు నిమిషాలు. ఎవరికైనా కోపం వచ్చేలోపు అయిపోతుంది.

శ్రీచరణ్ ఒప్పుకున్నాడు. "నాకేం పంచాయితీ లేదన్నా. ఫోటో కూడ వద్దు. పిల్లలు ఒక్కసారి మొత్తం ఆడాలె, అంతే. మరి మీ ప్రెసిడెంట్ లొల్లి చేస్తే?"

"నేను చూసుకుంటాన్లే తమ్ముడూ" అన్నాడు శాంతిరాజు. ఏం చూసుకుంటాడో అతనికే తెలీదు.

శాలువా మాట చెబితే ఫ్రావ్ లోరెన్సెన్ మొహం చిట్లించింది. పిల్లల మాట చెబితే, "బాగా ఆడతారా?" అంది. బాగా ఆడతారన్నాడు. "అయితే వస్తాను" అంది.

సరిగ్గా అప్పుడు, ఉగాది ఐదు రోజులుందనగా, ఉదయశ్రీ ఫోను.

"మానేద్దామండీ" అంది ఏసుకుమారి. "రాజ్యశ్రీ నవ్వి ఊరుకుందంటే అది ఊరుకోవడం కాదు, దాచుకోవడం. ఉన్న ఊళ్ళో మనకంటూ పలికే మనుషులు వీళ్ళే. రేపు పిల్ల పుట్టినరోజుకి ఒక్కరూ రాకపోతే ఏం చెబుతారు దానికి?"

శాంతిరాజు లోపలి గది వైపు చూశాడు. టక్, టక్, తిరుగు, టక్. ఆగింది.

"మానేస్తే ఏం చెప్పాలో అదీ చెప్పు" అన్నాడు. వద్దు అనడం చేతకాని మనిషి జీవితంలో మొదటిసారి భార్యకి వద్దన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గాలివాన. గొడుగులు పనిచేసే ఊరు కాదు గనక అందరూ తడుస్తూనే హాలుకి చేరారు. పచ్చడికి వేపపువ్వు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి కొరియర్లో తెప్పించారు. శాంతిరాజు స్టేజీ మీదికి వెళ్ళి ఫ్లెక్సీ చూసి కొయ్యబారిపోయాడు. మధ్యలో ప్రెసిడెంటు గారు, కంచం ఇంకా పెద్దదైంది. మూలన ఫ్రావ్ లోరెన్సెన్, సీసా మూత. ఆమె పక్కన 'సమరయోధుడు యోహానెస్' అని రాసి, తెనాలి కుర్రాడు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక జర్మన్ ఆఫీసరు ఫోటో పెట్టాడు. నెత్తిన టోపీ, రొమ్ము నిండా పతకాలు. యోహానెస్‌ని తీసుకుపోయినవాళ్ళు సరిగ్గా ఇలాంటి టోపీలే పెట్టుకుని వచ్చి ఉంటారు. శాంతిరాజు కుర్చీ ఎక్కి, మామిడితోరణం ఊడదీసి, ఆ మొహానికి అడ్డంగా కట్టాడు. సమితి చరిత్రలో మామిడాకులు ఒక మంచిపనికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఫ్రావ్ లోరెన్సెన్ బూడిదరంగు కోటులో వచ్చింది. వెంట రెయిన్‌కోట్లలో నలుగురు పిల్లలు, ఒకదాని చేతిలో ఫిడేలు పెట్టె. ఎవరూ అడగలేదు. వెంకటరామారావు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! దేశం దేశమంతా ఒకవైపు నడుస్తుంటే ఒకే ఒక్కడు రెండోవైపు నడిచాడు! శత్రువు దగ్గరికెళ్ళి, ఎదురుగా కూర్చుని మాట్లాడాడు! ఎవరి అనుమతైనా అడిగాడా? లేదు! అంతరాత్మని అడిగాడు! ఏదీ, అలాంటి మగాణ్ణి ఈరోజుల్లో ఒక్కణ్ణి చూపించండి!"

చప్పట్లు దద్దరిల్లాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ముందు వరసలో విక్రాంత్. శాలువా కప్పారు. ఫ్రావ్ లోరెన్సెన్ దాన్ని డాక్టరు కట్టిన కట్టులా భరించింది. కుర్చీలో కూర్చోబెట్టారు.

శాంతిరాజు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు పిల్లల కోలాటం" అన్నాడు.

లోపలి వరస ఎక్కింది. వెంటనే పక్కగదిలోంచి బయటి వరస ఎక్కింది. మిరియం ఎదురుగా ఆండాళ్ నిలబడింది. ఇద్దరూ కర్రలు ఎత్తి ఒకదానికొకటి ఆనించారు, పాట కోసం. హాల్లో ఒక గుసగుస పుట్టి వెనక వరస దాకా పాకింది.

పాట రాలేదు. లాప్‌టాప్ దగ్గర విక్రాంత్ నిలబడి ఉన్నాడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్ ప్రెసిడెంట్ గారూ" అని మీట నొక్కాడు.

వెనక తెర మీద, ఎనిమిదడుగుల ఎత్తున, శాంతిరాజు గుమ్మం. గుమ్మం ముందు ఐదు జతలు. మధ్యలో పసుపు లేసులు. పేరు చెప్పక్కర్లేకపోయింది. వెనకనుంచి ఎవరో "మారథాన్!" అన్నారు. పడిపడి నవ్వబోయినవాళ్ళు ప్రెసిడెంటు గారి మొహం చూసి నవ్వు మింగేశారు.

"ప్రతి శనివారం తీసిన ఫోటోలున్నాయండి. తేదీలతో సహా" అన్నాడు విక్రాంత్. రాజ్యశ్రీ చీర కొంగు సర్దుకుంది.

వెంకటరామారావు మొహం కందగడ్డయింది. "శాంతిరాజూ, మినిట్స్ పుస్తకం తియ్. ఏడో తీర్మానం చదువు."

సెక్రటరీ గనక చదవడం అతని పనే. చదివాడు. 

"ఆ చేతిరాత ఎవరిది?"

"నాదేనండి."

"శ్రీచరణ్‌తో మాట్లాడటానికి ఎవరి అనుమతైనా అడిగావా?"

"లేదండి. పిల్లలండి... నాలుగే నిమిషాల పాటండి. అయిపోగానే పుస్తకం మీ చేతికిచ్చేస్తాను."

"నాలుగు నిమిషాలైనా ద్రోహం ద్రోహమేనయ్యా! ఈ క్షణం నుంచి నువ్వు సెక్రటరీవి కాదు. ఆ బయటి పిల్లలు నలుగురూ స్టేజీ దిగాలి."

పిల్లలు దిగలేదు. ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉన్నాయి. ఫ్రావ్ లోరెన్సెన్ వంగి మిరియం చెవిలో ఏదో అడిగింది. మిరియం గబగబా జర్మన్‌లో చెప్పింది. చివర తెర వైపు వేలు పెట్టి చూపించింది. ఆమె ఆ బూట్లని చూసింది. తర్వాత లేచి, శాలువా తీసి, పాత మడతల మీదే మడిచి, కుర్చీలో పెట్టింది.

"ఈయనేం చేశాడు?" అని జర్మన్‌లో ప్రెసిడెంటుని అడిగింది.

"ఏం లేదు మేడమ్, మా లోపలి వ్యవహారం." వెంకటరామారావు ముఖానికి నవ్వు పులుముకున్నాడు. "అవతలివాళ్ళతో రహస్యంగా మాట్లాడాడు."

"మా నాన్నా అంతే చేశాడు."

"అయ్యయ్యో, అది వేరు మేడమ్! ఆయనతో పోలికేంటి? మీ నాన్నగారు చేసింది దేశం కోసం!"

ఆమె జవాబు చెప్పింది. పెద్దగా కూడా కాదు, చెత్త డబ్బా గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది. హాల్లో సగం మందికి జర్మన్ వచ్చు. ఆ సగం తలలు దించుకుంది. మిగతా సగం మిరియం వైపు తిరిగింది. మిరియం తండ్రి మొహం చూసింది. శాంతిరాజు తల ఊపాడు. కుడిచేతి కర్రని ఆండాళ్ కర్ర మీదనుంచి తియ్యకుండానే, ఎడంచేత్తో మైకు దగ్గరికి లాక్కుని, తనకొచ్చిన తెలుగులో చెప్పింది.

"ఓమా ఏమంటోందంటే... వాళ్ళ నాన్న దేశం కోసం అని ఎప్పుడూ అనలేదంట. బాంబులు ఆగాలన్నాడంట, అంతే. వాళ్ళ నాన్నని పట్టిచ్చిన చీటీలో దేశం కోసం అని రాసింది పై వాటాలో ఆవిడంట."